రెండు జాబితాలు, ఒక ఫ్లాపీ

ఉదయం పదింటి నుంచి విజిలెన్స్ అధికారి కరుణాకర్ కంప్యూటర్ గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదకొండుంబావుకు డిటెక్టివ్ రుక్మిణి వచ్చి ఆ కుర్చీ ముందు నిలబడింది.

“గదికి సీలు వేశామండి. లోపలికి ఎవరూ వెళ్లడానికి వీల్లేదు,” అన్నాడతను పేపరు మీంచి తల ఎత్తకుండా.

“మీరు కనబడుతున్నరు గని సీలు కనబడ్తలేదు సారూ.”

“నేనున్నంతసేపూ నేనే సీలు.”

“మరి అన్నానికి పోతె?”

“వెళ్లను.”

“చాయ్‌కి?”

“తాగను.”

“ఒంటికి?”

కరుణాకర్ పేపరు మడిచాడు. “ఏందమ్మా నీ లొల్లి? పొద్దుగాల సంది ఒక్కడు గూడ గిట్ల సతాయించలే నన్ను.”

రుక్మిణికి కావలసింది అదే. కరుణాకర్ సొంతూరు పాలకుర్తి దగ్గరే. హైదరాబాదు ఆఫీసుల్లో ఎనిమిదేళ్లు గడిపి ఫైళ్ల భాష నేర్చుకున్నాడు, దాన్ని ఇస్త్రీ చొక్కాలాగా తొడుక్కుని తిరుగుతాడు. కోపం వస్తే మాత్రం ఆ చొక్కా ఊడిపోయి ఊరి మాట బయటికొస్తుంది. ఊరి మాటతో పాటు ఊరి మనిషి కూడా కాస్త బయటికొస్తాడు. ఇదివరకు రెండు కేసుల్లో అతనితో తగాదా పడిన రుక్మిణి కనిపెట్టిన రహస్యమిది.

“ఒంటిగంట దాకా చూసుకోండి,” అన్నాడతను గొంతు సవరించుకుని. “నా కళ్ల ముందే చూడాలి. ఐదింటికి పోలీసులొస్తారు. ఆ తర్వాత మీ డిటెక్టివ్ పని మీ దుకాణంలో చేసుకుందురుగాని.”

దుకాణం అని ఎత్తిపొడిచినా రుక్మిణి పట్టించుకోలేదు. ఆమెది జనగామలో మూడు తరాలుగా పసుపు, బెల్లం హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్న కుటుంబం. వయసు నలభై ఆరు. దుకాణం మీది గదికి ‘రహస్య పరిశోధన’ అని బోర్డు కట్టిన రోజున బజారంతా కడుపుబ్బ నవ్వింది. ఇప్పుడు అదే బజారు ఇంట్లో తాళంచెవి కనబడకపోయినా ఆమె మెట్లెక్కుతోంది.

ఈసారి మెట్లెక్కినవాడు చందూలాల్. పాలకుర్తి అవతల మోతీతండా పెద్ద. అతని తగవు తాళంచెవి గురించి కాదు, నీళ్ల గురించి.

అది వరసగా మూడో కరువేడు, పందొమ్మిది వందల ఎనభై ఏడు. ఏ ఊళ్లకు ముందు బోర్లు వేయాలో తేల్చడానికి జనగామలో బావుల సర్వే కేంద్రం ఒకటి పెట్టారు. ఊరూరా బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి, ఆ అంకెలు కంప్యూటరుకు ఇస్తే అది ఎండిపోయిన వరసలో జాబితా రాసిస్తుంది. మొదటి ముప్ఫై ఊళ్లకు బోర్లు, మిగతా ఊళ్లకు వచ్చే ఏడు. దసరాకు ముందు తీసిన జాబితాలో మోతీతండాది రెండో స్థానం. దసరా తర్వాత సంతకాల కోసం మళ్లీ తీస్తే తొంభై నాలుగు. ఆ జాబితా పట్టుకుని ఈరోజు సాయంత్రం ఐదింటికి బోరు బండి బయలుదేరుతుంది. జాబితాను తారుమారు చేసిందని లెక్కల సహాయకురాలు వనమాలను అదే ఐదింటికి పోలీసులకు అప్పగిస్తారు.

చిత్రమేమిటంటే, నష్టపోయిన చందూలాల్ ఆమె మీద ఫిర్యాదు చేయడానికి రాలేదు. “గా పిల్ల మా తండాకు వచ్చి మా నీళ్లు తాగిందక్కా,” అన్నాడు నిన్న సాయంత్రం. “గా నీళ్లు తాగినోళ్లు మాకు ఎదురు రాయరు. నువ్వు జర చూడాలె.” ఆ మాట విన్నాక రుక్మిణి రాత్రి సరిగా అన్నం తినలేకపోయింది. ఆమెకు అన్నం సహించకపోవడం అంటే మామూలు విషయం కాదు.

పదకొండూ ఇరవై ఆరుకు రుక్మిణి వరండా బెంచీ మీద వనమాల పక్కన కూర్చుని చేతి గడియారం విప్పి ఒళ్లో పెట్టుకుంది. గార్ల నుంచి వచ్చి ఉద్యోగం చేస్తున్న పిల్ల. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది కాని జవాబులు మాత్రం తడబడకుండా చెప్పింది.

“మొదటి జాబితా ఎన్నడు తీసినవు బిడ్డా?”

“సెప్టెంబర్ ఇరవై ఆరు, శనివారం. పదకొండు గంటలకు.”

“రెండోది?”

“నిన్న సోమవారం, పది నలభైకి. నడుమ ఎనిమిది దినాలు బతుకమ్మకని మా ఊళ్లె ఉన్న.”

“అంకెలు ఏమన్న మార్చినవా?”

“ఒక్కటి గూడ మార్చలేదక్కా. అంకెల ఫ్లాపీ బీరువాల పెట్టి తాళమేసిన. తాళంచెవి నా పుస్తెల తాడుకే ఉండె.”

“అంకెలు మారలే, మిషిన్ మారలే, మనిషి మారలే. మరి లెక్క ఎట్ల మారింది?”

వనమాల ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఈ కంప్యూటరుకు సొంతంగా దాచుకునే చోటు లేదు. రోజూ పొద్దున మొదటి ఫ్లాపీతో లెక్కల భాషను ఎక్కించాలి. ఆ భాషకు కూడికలు, సగటులు లాంటి మామూలు లెక్కలే వస్తాయి. కరువు లెక్కలాంటివి కావాలంటే వేరే ప్యాకేజీ తెచ్చి దానికి జోడించాలి. కరువు లెక్క ప్యాకేజీ పేరు జలసూచి. రాసినవాళ్లు దాన్ని సరిదిద్దినప్పుడల్లా నంబరు మారుతుంది, ఆ నంబరునే వెర్షన్ అంటారు.

“మన దగ్గరున్నది రెండో వెర్షన్. మానుకోట కేంద్రానికి మూడోది వచ్చిందట. దాంతోటి పుస్తకం రాలేదు. ఏం మార్చిన్రో తెల్వకుండ ఎట్ల జోడిస్తమని నేను తెప్పించలే.”

“మా పసుపు బస్తాల లెక్కనే అన్నట్టు. పేరొకటే ఉంటది, ఏ యేటి పంటనో అడిగి కొనాలె.” రుక్మిణికి కంప్యూటర్ అంటే ఉన్న కాస్త బెరుకు అక్కడితో పోయింది. “మరి నిన్న నువ్వు జోడించింది రెండోదేనా?”

“ఫ్లాపీ మీద నా చేతిరాతే ఉన్నదక్కా. జలసూచి రెండు అని.”

“మిషిన్ ఏమన్నది?”

“అది మొదలుకాంగనే మొదటి పేజీల నంబరు అచ్చేస్తది. గా పేజీ మేం చదవం. చింపి పారేస్తం.”

“యేడ పారేస్తరు?”

వనమాలకు తెలియదు. కరుణాకర్ గుమ్మంలోంచే నవ్వాడు. “చెత్తబుట్టలో సాక్ష్యాలు వెతుకుతారా మేడమ్? వెతకండి. రెండు జాబితాలున్నాయి. మొదటి దాంట్లో తండా సగటు అరవై ఎనిమిదిన్నర పైన, రెండో దాంట్లో ఎనిమిది. ఈ ఆఫీసులో కంప్యూటర్ తెలిసిన మనిషి ఒక్కతే. ఇంకేం కావాలి మీకు?”

“బజ్జీలు కావాలె సారూ,” అంది రుక్మిణి. నిజంగానే ఆకలేస్తోంది.

పన్నెండూ ముప్ఫై రెండుకు చందూలాల్ గేటు బయటి కమలమ్మ బండి నుంచి నాలుగు పొట్లాల మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. రుక్మిణి మూడు తిని నాలుగోది కొరుకుతూ పొట్లం కాగితం వైపు చూసింది. రెండు అంచుల వెంటా వరసగా గుండ్రటి చిల్లులున్న కాగితం. నూనె మరకల కింద ఇంగ్లీషు అక్షరాలు, ఒక తారీకు. చదవమని వనమాలకు ఇచ్చింది.

ఆ పిల్ల కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. “అక్కా, ఇది నిన్నటి మొదటి పేజీ. సోమవారం తారీకే. జలసూచి... మూడు అని ఉన్నది.”

బజ్జీ ఇంకా సగం మిగిలే ఉంది. రుక్మిణి తన జీవితంలో మొదటిసారి బజ్జీని సగంలో వదిలేసి లేచింది. కమలమ్మ బండి కింది కాగితాల కట్ట మొత్తం తెప్పించింది. ఆఫీసులో చింపినవన్నీ అక్కడికే పోతున్నాయట. సెప్టెంబరు ఇరవై ఆరు నాటి పేజీ కట్ట అడుగున దొరికింది. దాని మీద జలసూచి రెండు అని ఉంది. అప్పటికి గడియారంలో పన్నెండూ నలభై.

“బజ్జీల కాగితాన్ని కోర్టులో పెడతారా?” అన్నాడు కరుణాకర్. కాని కుర్చీ పక్కకు జరిపి దారిచ్చాడు.

గదిలో ఇంకా పండగ వాసన పోలేదు. కంప్యూటరు నుదుటి మీద ఇంత కుంకుమ బొట్టు. బల్ల కాలికి ఎండిన బంతిపూల దండ. కత్తెరకూ, పంచింగ్ మిషనుకూ, చివరికి బల్ల ఫ్యానుకూ పసుపు కుంకుమలు పెట్టి ఉన్నాయి. రుక్మిణి ఏమీ ముట్టుకోకుండా ఫ్లాపీల డబ్బా మీదికి వంగింది. పది ఫ్లాపీలు. తొమ్మిదింటికి కాగితపు కవర్ల మీద చక్కగా బొట్లు. పదోది, జలసూచిది, కవర్ లేకుండా ఉంది. దాని మీద చీటీ ఉబ్బెత్తుగా, ఒక మూల లేచి ఉంది. ఆ మూల దగ్గర నాలుగు చీమలు తిరుగుతున్నాయి.

“వనమాలా, చీటీలు దేంతోటి అంటిస్తవు?”

“గోందుతోటి. సీసా గక్కడున్నది.”

“గోందుకు ఇట్ల చీమలు రావు. ఇది అన్నం మెతుకుతోటి అంటించింది.” ఇంకొంచెం వంగి చూసింది. చీటీ అంచున సన్నటి పచ్చని మరక. ఇంకెవరైనా దాన్ని మురికి అనుకునేవాళ్లే. పుట్టినప్పటి నుంచీ పసుపు కొమ్ముల మధ్య పెరిగిన మనిషికి మాత్రం పొరపాటు పడడానికి వీల్లేదు. “పూజ పసుపు. చీటీ నీదే బిడ్డా, ఫ్లాపీ నీది కాదు. పాత దాని మీద నుంచి ఒలిచి దీనికి పెట్టిన్రు.”

వరండా చివర నీళ్ల కుండ దగ్గర ఏదో గ్లాసు కింద పడింది. అటెండర్ బాలనర్సయ్య.

ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న పెద్దమనిషి, అబద్ధం ఆడడం అసలు చేతకాదు. రుక్మిణి అతని దగ్గరికి పోయి గ్లాసు తీసి చేతికిచ్చింది. ప్రశ్న కూడా అడగలేదు.

“నేనే చేసిన రుక్మిణమ్మా,” అన్నాడు. “గని పాపం తలపెట్టి చేయలే.”

“జర నిమ్మలంగ చెప్పు బాలనర్సన్నా. శుక్రవారం దసరా నాడు ఏమైంది?”

“ఆయుధ పూజ చేసిన. కత్తెరకు పెట్టి, ఫ్యానుకు పెట్టి, గా పలకలను ఇడిసిపెడితె మంచిది గాదు గదా. తొమ్మిదిట్లకు కవర్ మీద పెట్టిన. గిది ఒక్కటి కవర్ బయట ఉండె. నడుమ కోలగ సందు ఉంటది సూడుండ్రి, గదే దాని నుదురు అనుకున్న.”

వనమాల రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఫ్లాపీ అంతా దాచుకునేది ఆ సందులో కనబడే పొర మీదే. దాన్ని వేలితో ముట్టుకున్నా పాడవుతుంది. బాలనర్సయ్య తడి పసుపు పూసి, మీద కుంకుమ అద్ది, అగరుబత్తి కూడా తిప్పాడు.

“మర్నాడు మంచిగున్నదో లేదో అని వనమాలమ్మ పెట్టినట్టే మిషిన్ల పెట్టి చూసిన. గరగరమన్నది. నా పాణం పోయినంత పనైంది. రైలెక్కి మానుకోట పోయిన. ఆడి అటెండర్ జాల్యా మా దోస్తు. వాళ్ల దగ్గర గూడ జలసూచి ఉన్నదంటె ఒకటి తీసుకున్న. పేరొకటే గద, గదే ఇది అనుకున్న. చీటీ మార్చి పెట్టిన.”

“పాతది పారేసినవా?”

“పూజ చేసినదాన్ని ఎట్ల పారేస్తమమ్మా? మా ఇంట్ల దేవుని గూట్లె పెట్టిన.”

రుక్మిణికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే అతని భుజం తట్టింది. ఆ ముసలాయన మీద ఆమెకు కోపం రమ్మన్నా రాలేదు.

కరుణాకర్ మాత్రం నవ్వలేదు. “కథ బాగానే ఉంది. వెర్షన్ మారిందనుకుందాం. దానివల్లే తండా కిందికి జారిందని ఏమిటి రుజువు? కొత్త వెర్షన్ అంటే పాతదాని తప్పులు దిద్దింది కదా. ఇదే సరైన జాబితా కావచ్చు.”

మంచి ప్రశ్న. ఆ మాట రుక్మిణి మనసులో ఒప్పుకుంది కాని పైకి ఒప్పుకోలేదు. చందూలాల్‌ను పిలిచింది. “మీ బావి కొలిచిన్నాడు ఏం జరిగిందన్నా?”

“ఫిబ్రవరిల తాడేస్తె ఎనిమిది మీటర్ల కాడ నీళ్లు తగిలినయి. ఏప్రిల్ల ఏసిన్రు, అడుగు రాయి తగిలింది. మే నెల గూడ గంతే. నీళ్లే లేవు, మరి ఏం రాస్తరు సారూ అంటె, నీళ్లు లేకుంటె తొంభైతొమ్మిది రాయాలె, గదే రూల్ అన్నడు గా సర్వే సారు.”

రుక్మిణి బజ్జీల కాగితం వెనక పెన్సిల్‌తో మూడు అంకెలు వేసింది. ఎనిమిది, తొంభైతొమ్మిది, తొంభైతొమ్మిది. “కరుణాకర్ సారూ, మీరే కూడుండ్రి. మూడుతోటి భాగించుండ్రి.”

అతను కూడాడు. “అరవై ఎనిమిదీ పాయింట్ ఏడు.”

“మొదటి జాబితాల తండా అంకె?”

అతను జాబితా చూడకుండానే తలూపాడు. “అదే.”

“ఇప్పుడు తొంభైతొమ్మిదంటె ‘తెల్వదు’ అనుకుని రెండిట్నీ కొట్టేయుండ్రి. ఏం మిగిలింది?”

“ఎనిమిది.”

“రెండో జాబితాల?”

కరుణాకర్ కాగితం మీది ఎనిమిది చుట్టూ సున్నా చుట్టాడు. వనమాల చటుక్కున లేచి నిలబడింది. “గదే అక్కా. చాన ఊళ్లల్ల సర్వేల ‘తెల్వదు’ అనేదానికి తొంభైతొమ్మిది రాస్తరు. మూడో వెర్షన్ల గదే రూల్ పెట్టినట్టున్నరు. మనమేమో ‘నీళ్లు లేవు’ అనేదానికి రాసినం. ఎంత ఎండిన బావి అయితె అంత కిందికి పోయింది.”

బావులు కొలిచిన కాగితాలు తెప్పించి చూశారు. కిందికి జారిన ఇరవై మూడు ఊళ్లలో ఇరవై మూడింటికీ ఎక్కడో ఒకచోట తొంభైతొమ్మిది ఉంది. మీదికెగబాకిన ఊళ్లలో ఒక్కదానికీ లేదు. ఒంటిగంటా నలభై రెండు నిమిషాలకు కరుణాకర్ జేబురుమాలు తీసి మొహం తుడుచుకుని, వనమాల వైపు తిరిగి, “కూర్చో చెల్లె,” అన్నాడు. ఆ మాటకు వనమాల ముక్కు మళ్లీ ఎర్రబడింది. రుక్మిణి బజ్జీ కారమని వంక పెట్టి కళ్లు తుడుచుకుని నీళ్లు తాగింది.

అయినా కేసు తేలలేదు. బండి ఐదింటికి బయలుదేరుతుంది. దాన్ని ఆపాలంటే కొత్త జాబితా అచ్చై సంతకాలు పడాలి.

“తొంభైతొమ్మిదిట్ల జాగల వేరే అంకె పెడితె ఐదు నిమిషాలల్ల జాబితా వస్తది సారూ,” అంది వనమాల.

“అంకె ముట్టుకుంటే నేనే నిన్ను పట్టియ్యాలె. తారుమారు అని కేసు రాసిందే దానికి.” కరుణాకర్ ఇస్త్రీ చొక్కా పూర్తిగా ఊడిపోయింది. “అంకెలు గట్లనే ఉండాలె. లెక్క పాతదే ఉండాలె. రెండో వెర్షన్ ఇంకెక్కడన్న ఉన్నదా?”

“భూపాలపల్లిల ఒకటి ఉన్నది. ఈ మూడు కేంద్రాలల్ల ఇంకెక్కడ లేదు.”

“మూడు గంటల తొవ్వ. ఫోన్ కొట్టి జీపుల పంపమందాం. ఐదింటికల్ల వస్తది.”

ట్రంక్ కాల్ కలిసేసరికి రెండూ అయిదయింది. భూపాలపల్లి కేంద్రం క్లర్కు ధన్‌సింగ్ ఎత్తాడు. రుక్మిణి సంగతి చెప్పింది.

“గా ఫ్లాపీయా? పన్నెండింటికే ఇచ్చినం గదమ్మా. మనిషి జీపుల వచ్చి తీసుకపోయిండు.”

రుక్మిణి గడియారం వైపు చూసింది. వెర్షన్ మారిందని తనకే తెలిసింది పన్నెండూ నలభైకి. తనకంటే నలభై నిమిషాల ముందు ఇంకెవరికో తెలుసు. బాలనర్సయ్య చేసింది పొరపాటే. కాని నిన్నటి జాబితా చూడగానే ఆ పొరపాటును పసిగట్టినవాడు, అది అలాగే ఉండిపోవాలని కోరుకున్నవాడు ఒకడున్నాడు.

“ఎవరన్నా గా మనిషి?”

“విజిలెన్స్ సారు. రిజిస్టర్ల సంతకం గూడ పెట్టిండు. కరుణాకర్ అని.”

ఆమె రిసీవర్ కరుణాకర్ చేతికిచ్చింది. అతను విన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. మళ్లీ విన్నాడు.

“నేను పొద్దుగాల పదింటి సంది ఈడనే ఉన్న గదా,” అన్నాడు, ఫోన్లో ఎవరితోనో కాదు, గదిలో ఉన్న నలుగురితో.

అప్పుడే పెరటి వైపు నుంచి పెద్ద ఇంజను మొదలైన చప్పుడు వచ్చింది. కిటికీ దగ్గర నిలబడ్డ చందూలాల్ ఒక్క ఉదుటున బయటికి పరుగెత్తాడు. రెండు నిమిషాల్లో రొప్పుతూ తిరిగొచ్చాడు, చేతిలో మడత కాగితంతో.

“బోరు బండి కదిలిందక్కా. ఐదింటి దాక ఆగొద్దు, ఇప్పుడే పొమ్మని డ్రైవర్‌కు ఎవడో చిట్టీ ఇచ్చి పోయిండట. నేను ఆపుమంటె చిట్టీ నా మీద పడేసి పోతున్నడు.”

రుక్మిణి చిట్టీ విప్పింది. కింద సంతకం కరుణాకర్‌ది. అతను దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. చేతిరాత అచ్చం తనదే. సిరా కూడా తను వాడే ఆకుపచ్చ సిరాయే. పన్నెండింటికి భూపాలపల్లిలో ఒక సంతకం, రెండింటికి జనగామలో ఒక సంతకం, మధ్య మూడు గంటల దారి. ఇది ఒక్కడి పని కాదు. ఐదింటికి పోలీసులు వస్తే చేతికి బేడీలు పడేది ఇక వనమాలకు కాదు.

“రుక్మిణక్కా,” అన్నాడు కరుణాకర్. ఇన్నేళ్లలో అతను ఆమెను అక్కా అనడం అదే మొదటిసారి. “నా కేసు గూడ నువ్వే పట్టాలె.”

“నీ కేసు తర్వాత పడుదం తమ్మీ,” అంది రుక్మిణి చెప్పులు తొడుక్కుంటూ. “ముందుగాల తండా బోరును పట్టుకుందం. నీ జీపు తియ్యి.”